కుడి చెంప మీద మచ్చ

పోయినవారం మనం రాజాంబాళ్‌ని గుడియాత్తంలో, వాళ్ళన్న ఇంటి నడిమి గదిలో, పదిమంది ఎదుట నిలబెట్టి వచ్చేశాం. పాత చీరముక్కలో చుట్టిన పటాన్ని పాపం వారం రోజులుగా అలాగే గుండెకి ఆనించుకుని నిలబడి ఉంది. పత్రికవాళ్ళు నాకిచ్చిన పేజీలు అక్కడికి అయిపోయాయి, నేనేం చేసేది.

కొత్తగా చదివేవాళ్ళకి నాలుగు మాటలు చెప్పి ముందుకు పోదాం. రాజాంబాళ్‌కి యాభై దాటాయి. వేలూరు తోటపాళ్యంలో ఒక మేడమీద గదిలో ఒంటరిగా ఉంటుంది. పెళ్ళయింది, నాట్రంపల్లిలో కొన్నాళ్ళు కాపురం కూడా చేసింది. ఆ కాపురం సంగతి మొదటి భాగాల్లో చెప్పేశాను, మళ్ళీ చెప్పి నోరు పాడుచేసుకోను. పగలంతా ఒక బడి ఆఫీసులో గుమాస్తా పని, సాయంత్రమైతే పూసలు. మెడదండలు, కమ్మలు, చేతిపట్టీలు, గోడకి తగిలించే బొమ్మలు, ఏదో ఒకటి అల్లుతూనే ఉంటుంది. చేసినవి అమ్మదు, పంచిపెడుతుంది. ఆ మేడ మెట్లెక్కి ఆమె దగ్గరికి వచ్చే మనిషి ఒక్కడే, అన్న ధనపాల్. ప్రతి ఆదివారం వచ్చి, చిందరవందరైన పూసల్ని రంగు రంగుగా ఏరిపెట్టి, భోంచేసి వెళ్ళేవాడు. ఆ అన్న పోయి ఏడాదైంది. ఆయన పోయాక గుడియాత్తం నుంచి ఆమెకి ఫోనే లేదు. ఇప్పుడు ఏడాది తెవసం, అదే సంవత్సరీకం, వచ్చింది కాబట్టి, మేనల్లుడు ఆనంద్‌రాజ్ వాట్సాప్‌లో "రా అత్తా" అని రెండు ముక్కలు పంపించాడు. ఒక పటం తెస్తానని ఆమె బదులు పెట్టింది.

ఈ ఏడాదంతా ఆమె చేసిన పని ఒకటే. అన్న ముఖాన్ని పూసలతో నేసింది. ఆ పటం ఆ ఇంటి గోడ ఎక్కితే చాలు, దానికి దండ మార్చడానికో, దుమ్ము తుడవడానికో అప్పుడప్పుడూ ఆ గడప తొక్కవచ్చు, ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. ఎక్కకపోతే అన్నతోపాటు పుట్టిల్లు కూడా పోయినట్టే. ఇంత పెద్ద ఆశని చీరముక్కలో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చింది ఆ తల్లి.

"గుడ్డ విప్పు అత్తా, చూస్తాం," అని ఆనంద్‌రాజ్ అన్నచోట ఆగాం కదా. విప్పింది.

నల్ల మఖమలు అట్ట మీద ధనపాల్. నుదుటికి ఒక గోధుమరంగు, చెంపకి ఇంకొకటి, కణత దగ్గర నీడకి మరొకటి. తెల్లచొక్కా మడతల్లో కూడా బూడిదరంగు పూసలు వేసింది. కళ్ళలో వెలుగు కోసం రెండే రెండు తెల్లపూసలు. కిటికీ వెలుగు పడగానే మనిషి తల తిప్పుతున్నాడేమో అనిపించింది.

"ఇదంతా పూసలేనా అత్తా? ఒక్కొక్కటే గుచ్చినావా?" ఆనంద్‌రాజ్ వంగి వేలితో తాకి చూశాడు.

"గుచ్చేది కాదప్పా, నేసేది. మగ్గం మీద మాదిరే. చిన్న మగ్గం మీ నాయనే చేసిచ్చినాడు."

అది నిజం. చెక్కకి రెండు చివరలా తిరిగే రూళ్ళు బిగించి, మధ్యలో దారాలు లాగిన మగ్గం. వరసకి సరిపడా పూసల్ని సూదికి ఎక్కించి, దారాల కిందనుంచి పోనిచ్చి, వేలితో పైకి నొక్కి, సూదిని మళ్ళీ ఆ పూసల్లోంచే పైవైపు వెనక్కి లాగాలి. అప్పుడా వరస కదలదు. అలా గడ్డం దగ్గర మొదలుపెట్టి జుట్టు దాకా నేసుకుంటూ పోయింది. లాంగ్ బజార్‌లో పూసల కొట్టతను ఆమెని చూడగానే "మళ్ళీ గోధుమరంగేనా అమ్మా" అని నవ్వేవాడు. ఈ ఏడాదిలో ఆమెతో నవ్వుతూ మాట్లాడింది అతనొక్కడే అంటే మీరు నమ్మాలి.

మూలన కుర్చీలో కూర్చున్న గోవిందరాజు కళ్ళజోడు సవరించుకున్నాడు. ఈయన రాజాంబాళ్‌కి మేనమామ. వీధిలో ఆఖరిదాకా మగ్గం వదలని మనిషి, ఎనభై దాటినా నోరు మాత్రం ముసలిది కాలేదు.

"అంతా బాగుండాది గానీ రాజమ్మా, వీడేంది, చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు? జోబి ఈ పక్కకి వచ్చిండాదే."

ఎవరో కిసుక్కున నవ్వారు. రాజాంబాళ్ పటం వైపు చూసి, పీట మీద పూలదండతో ఉన్న ఫోటో వైపు చూసింది. ఆ ఫోటోని చూసే ఈ పటం చేసింది. ఫోటోలో ధనపాల్‌కి జేబు ఎడమవైపు ఉంది, పాపిడి ఎడమవైపు ఉంది, కందిగింజంత మచ్చ ఎడమ చెంప మీద ఉంది. పూసల ధనపాల్‌కి ఆ మూడూ కుడివైపు ఉన్నాయి.

ఏడాదిపాటు ఇదెలా చూడలేదు నేను అనుకుంది రాజాంబాళ్. చూడదు, ఎలా చూస్తుంది? నేసినంతమేర కిందకి చుట్టేసుకుంటూ పోయే మగ్గం అది. కళ్ళ ముందు ఎప్పుడూ నాలుగు వరసలే కనిపిస్తాయి. పటం మొత్తం విప్పి చూసింది ఆఖరిరోజే, ఆ రోజు కళ్ళు సరిగా కనిపించనంత ఏడుపు వచ్చింది.

వంటింట్లోంచి లక్ష్మీదేవి వచ్చింది. ధనపాల్ భార్య, రాజాంబాళ్‌కి వదిన. చేతికంటిన పిండి కొంగుకి తుడుచుకుంటూ పటం ముందు నిలబడి, చాలాసేపు చూసింది.

"మచ్చ ఈడ కదా ఉండాల," అని తన ఎడమ చెంప మీద వేలు పెట్టుకుంది. "ఇది ఆయన మొహం కాదు రాజా."

గొంతులో కోపం లేదు, అదే రాజాంబాళ్‌ని ఎక్కువ బాధపెట్టింది. కోపమైతే ఏదో ఒకటి బదులు చెప్పవచ్చు.

గోవిందరాజు ఉన్నట్టుండి తొడ చరిచి నవ్వాడు. "తెలిసినాది, తెలిసినాది. ఈ పిల్ల మన పద్ధతిలో నేసేసినాది. పాపం, దాన్ని ఏమనొద్దండి. వాళ్ళ నాయన అంచు బుటాలు నేసేటప్పుడు గళ్ళ కాగితం పట్టుకుని చదివింది ఇదే కదా, ఇంత పిల్లప్పటినించి."

ఆయన చెప్పింది వినగానే రాజాంబాళ్‌కి కూడా అర్థమైంది. వాళ్ళింటి మగ్గం మీద అంచుబుటాని ఎప్పుడూ వెనకవైపు పైకి పెట్టి నేసేవాళ్ళు. అసలు ముఖం కిందవైపు వస్తుంది. అందుకని కాగితం మీది గళ్ళని కుడినుంచి ఎడమకి చదవాలి. చిన్నప్పుడు బడి నుంచి రాగానే నేసేవాళ్ళు కాళ్ళు దించుకునే మగ్గం గుంత పక్కన కూర్చుని నాయనకి అలా చదివి వినిపించేది. ఇప్పుడు ఫోటోని గళ్ళుగా మార్చి, పెద్ద కాగితం మీద అచ్చు తీయించుకుని ముందు పెట్టుకోగానే, కళ్ళు వాటంతటవే కుడినుంచి మొదలుపెట్టాయి. వేరేవాళ్ళెవరైనా అయితే ఈ తప్పు చెయ్యమన్నా చెయ్యలేరు.

"బుటా సరిగా వస్తాండాదా లేదా అని మేం కింద అద్దం పెట్టుకుని వంగి చూసేవాళ్ళం," అని గోవిందరాజు ఆనంద్‌రాజ్‌కి చెబుతున్నాడు. "నీ పూసల మగ్గానికి అద్దం పెట్టుకోలేదా తల్లీ?"

అందరూ నవ్వారు. ఈసారి రాజాంబాళ్ కూడా కొంచెం నవ్వింది, ఎందుకంటే ఆమెకి ఒక సంగతి తట్టింది.

"పరవాల్లే మామా. తిప్పితే సరిపోతుంది. పూసల నేతకి రెండు పక్కలా మొహమే. చుట్టూతా అట్టకి కుట్టిన దారం ఊడదీసి, తిప్పి కుడితే మచ్చ మచ్చకాడికి పోతుంది. అరగంట పని."

"సరి, అయితే తిప్పు," అంది లక్ష్మీదేవి. "వెనకింట్లో కూచుని చెయ్యి. ఈడ విస్తర్లు ఎయ్యాల."

రాజాంబాళ్ పటాన్ని మళ్ళీ గుండెకి ఆనించుకుని వెనకింట్లోకి వెళ్ళింది.

ఒకప్పుడు మగ్గం ఉన్న గది అది. ఇప్పుడు బియ్యం మూటలు, వాషింగ్ మెషీన్, విరిగిన మంచం. గుంత పూడ్చేసి సిమెంటు పూశారు. మిగతా నేల కన్నా ఆ చోటు కొంచెం తెల్లగా ఉంటుంది, అంతే. రాజాంబాళ్ ఆ తెల్లటి చోటు పక్కన చాప వేసుకుని కూర్చుంది. పటాన్ని ఒళ్ళో బోర్లించి అట్టకి వేసిన కుట్లు చూసుకుంటోంది. లక్ష్మీదేవి కత్తెర తెచ్చి ఇచ్చి, వెళ్ళకుండా గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"పటానికి గోడకి మొల నిన్ననే కొట్టించినా," అంది. "ఆనంద్‌రాజ్ చెప్పినాడులే, అత్త పటం తెస్తాదని."

ఆ ఒక్కమాటతో రాజాంబాళ్‌కి ఏడాది కష్టం దిగిపోయింది. గోడ మీద చోటు దొరికింది. కళ్ళు తుడుచుకుందామని కత్తెర కింద పెట్టబోతుంటే, లక్ష్మీదేవి ఇంకో మాట అంది.

"ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. ఈ పటం కూడా ఆయనకే చేసినావు. నాకెందుకు చెయ్యలేదు ఏమీ?"

"అంటే, వదినా?"

"మీ బడిలో టీచరమ్మలందరికీ చేసినావు. మా ఎదురింటి భువనకి పెండ్లికి సెట్టు చేసిచ్చినావు, అది వీధంతా తిరిగి చూపించుకున్నాది. నాకొక్క దండ, ఒక్క జత కమ్మలు, ఏమన్నా ఇచ్చినావా? నాకు మెడ లేదా? ఆదివారమైతే ఆయన టిఫిన్ కూడా తినకుండా లగెత్తేవాడు. చెల్లెలి కాడ ఏం పని అంటే, పూసలు ఏరిపెడతా అనేవాడు. ఈడ నాకు బియ్యంలో ఒక రాయి ఏరిపెట్టింది లేదు."

నవ్వొచ్చే మాటే గానీ ఆమె నవ్వలేదు. ఇన్నేళ్ళు దాచుకున్న మాట అది.

రాజాంబాళ్ కత్తెర వదిలేసింది. వదినకి ఏమీ చెయ్యకపోవడమేమిటి? ఆమె అల్లినవాటిల్లో అన్నిటికన్నా బాగా కుదిరిన దండ వదినకే చేసింది. వెడల్పాటి పట్టీ లాంటి దండ. నాయన నేసే లుంగీల్లో ఒక గళ్ళ రకం ఉండేది, ఆకుపచ్చ మీద నీలం. ఆ గళ్ళే పూసల్లో దింపింది. ఆ రంగులు దొరకడానికి ఎన్ని కొట్లు తిరిగిందో. అలాంటిది ఇంకొకటి ఎవరికీ చెయ్యలేదు. దాన్ని అన్న చేతికిచ్చి, "వదిన మెడలో వేసుకోమను" అంది. ఆ తర్వాత పండక్కో పేరంటానికో కలిసినప్పుడల్లా ముందు వదిన మెడవైపే చూసేది. ఎప్పుడూ లేదు. అడగడానికి నామోషీ వేసింది. బంగారం వేసుకునే మెడకి నా గాజుపూసలు ఆనవేమో అని తనలో తనే తేల్చేసుకుంది. అప్పటినుంచి వదినతో ముభావంగానే ఉంటోంది. మన ఆడవాళ్ళ పౌరుషం ఇలాగే ఉంటుంది, నోరు తెరిచి ఒక్కమాట అడిగితే పోయేదానికి పదేళ్ళు మూతి ముడుచుకుంటారు.

"పంపించినా వదినా. అన్న చేతికే ఇచ్చినా. మంచి దండ. నీకనే చేసినా."

"నాకేం అందలే."

"నువ్వు వేసుకోకపోతే, నీకు నచ్చలేదేమో అనుకున్నా."

"నాకు అందలేదంటే," అంది లక్ష్మీదేవి, ఈసారి కొంచెం కటువుగా.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అబద్ధం చెబుతోందా అని ఇద్దరికీ ఒక్క క్షణం అనిపించింది, కాదని కూడా ఇద్దరికీ తెలిసింది. ఇంతలో వంటింట్లోంచి ఎవరో "లక్ష్మీ, పాయసం అడుగంటతా ఉండాది" అని కేకేశారు. లక్ష్మీదేవి కొంగు బిగించి వెళ్ళిపోయింది.

రాజాంబాళ్ కత్తెర తీసుకుని ఒక్కో కుట్టూ తెంపసాగింది. చేతులు పని చేస్తున్నాయి గానీ మనసు దండ దగ్గరే ఉంది. అన్న మర్చిపోయాడా, బస్సులో పడేసుకున్నాడా? పడేసుకుంటే చెప్పేవాడు కదా. చిన్న పూస ఒకటి మంచం కిందకి దొర్లితే మోకాళ్ళ మీద పాకి వెతికే మనిషి ఆయన.

ఒక అంచంతా ఊడదీసి రెండో అంచుకి వచ్చేసరికి గుమ్మంలో నీడ పడింది.

"రాజమ్మా, కత్తెర పక్కన పెట్టమ్మా. దాన్ని తిప్పొద్దు."

పొన్నమ్మ. పళ్ళికొండలో హైవే పక్కన ఇడ్లీకొట్టు నడుపుకునే మనిషి. చిన్నప్పుడు ఈ వీధిలోనే ఉండేది, ఈ మగ్గానికి దారం కండెలు చుట్టేది. రాజాంబాళ్ ఆమెని చూసి ఎన్నో ఏళ్ళయింది. పొద్దున్నే వచ్చి అరుగు మీద ఒక వారగా కూర్చుని ఉంటే, తెవసం భోజనానికి వచ్చిందనుకున్నారు అందరూ.

"తప్పు పడిందక్కా. మచ్చ ఈ పక్కకి వచ్చేసింది," అంది రాజాంబాళ్.

"తప్పు లేదు. ఆ మొహం అట్లే ఉండేది."

పొన్నమ్మ లోపలికి వచ్చి ఆ తెల్లటి సిమెంటు చోటుకి అటువైపు నేల మీద కూర్చుంది. అది కూర్చోవడానికి ఎంచుకున్న చోటు కాదు, అలవాటైన చోటు. అక్కడనుంచి పటాన్ని చూసి, చేత్తో నేల చూపించింది.

"ఈడ గుంత. ఆ పక్క మీ అన్న. ఈడ నేను, కండెలు చుట్టుకుంటా. మీ నాయన బయట అరుగు మీద ఉండేవాడు. నువ్వు ఇస్కూలుకి పోయేదానివి. పెండ్లికాని పిల్ల తలెత్తి మగపిల్లోణ్ణి చూస్తే ఊరు ఊరుకుంటాదా? ఆయన బుటా చూసేదానికి వంగేవాడు, అద్దంలోకి. నేనూ ఆ అద్దంలోకే చూసేదాన్ని. పనిలో ఉండినన్నినాళ్ళు ఆయన మొహం నేను ఎదురుగా చూడలా. నాకు తెలిసిన మచ్చ ఆ పక్కదే."

బయట విస్తర్లు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. రాజాంబాళ్ చేతిలో కత్తెర తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

"మరి?" అంది.

"మరేముండాది. బుటాలో తప్పులు జాస్తి అయినాయని మీ నాయన నన్ను పని మాన్పించినాడు. ఆ తప్పులు ఎందుకు పడినాయో ఆయనకి తెలుసు, మాకూ తెలుసు. ఎవరూ నోరు తెరవలా. నన్ను పళ్ళికొండకి ఇచ్చినారు. మా ఇంటాయన పోయినాక కొట్టు పెట్టుకున్నా. ఒక ఆదివారం పొద్దున మీ అన్న బస్సు దిగినాడు. చెల్లెలి కాడికి పోతావుండా, ఒక టీ ఇయ్యి అన్నాడు."

"ఆ ఒక్క ఆదివారమేనా?"

పొన్నమ్మ కొంగు సర్దుకుంది. చెప్పకపోయినా రాజాంబాళ్‌కి అర్థమైంది. పొద్దుటి బస్సెక్కానని ఫోన్ చేసిన అన్న, మధ్యాహ్నం దాటాక మెట్లెక్కేవాడు. బస్సులు రద్దీ అనేవాడు. ఆమె పోసి పెట్టిన దోసెలు చల్లబడి గట్టిపడేవి, వాటినే వేడిచేసి పెట్టేది. వారమంతా మాట్లాడకుండా దాచుకున్న మాటలన్నీ ఆ కొంచెంసేపట్లో చెప్పెయ్యాలని ఆత్రపడేది. ఆ ఆదివారం ఒక్కటీ తనదే అనుకుంది. దాంట్లోనూ సగం వేరే ఎవరికో పోయింది. కోపం వచ్చింది ఆమెకి, చెప్పుకోవడానికి సిగ్గుపడేంత చిన్నపిల్ల కోపం. నాకున్నదే ఒక్కడు కదా, వాణ్ణి కూడా పంచుకోవాలా అనిపించింది.

"ఏం చేసేవాళ్ళు ఇద్దరూ?" అని అడిగింది, అడగకూడదనుకుంటూనే.

"ఏమీ లే. బెంచీ మీద కూచునేవాడు. నేను ఇడ్లీలు తీస్తా ఉండేదాన్ని. ఎదురెదురుగా ఉంటే ఏం మాట్లాడాల్నో మాకు తెలిసేది కాదు. నీ సంగతే చెప్పేవాడు. రాజా ఈ వారం నెమలి చేస్తా ఉండాది, తోక పూసలు చాల్లేదంట అని. నువ్వు ఏం చేసినావో అన్నీ నాకు తెలుసు." పొన్నమ్మ కొంగు చివరతో మొహం తుడుచుకుంది. "ఎవరికీ ఏమీ తెలియాల్సిన పని లేదమ్మా. గోడ మీద అది అట్లే ఉంటే చాలు. తెవసానికి వచ్చి చూసుకుని పోతా. ఇంటికాడ నాకు ఫోటో కూడా లేదు, యాడ పెట్టుకునేది? ఏమని పెట్టుకునేది?"

రాజాంబాళ్ కోపం నిలవలేదు. తను ఏ ఆశతో బస్సెక్కి వచ్చిందో, పొన్నమ్మ కూడా సరిగ్గా అదే ఆశతో వచ్చింది. ఒక గోడ, ఒక పటం, వచ్చి చూసుకోవడానికి ఒక సాకు. పటం తిప్పితే తనకి పుట్టిల్లు దక్కుతుంది. తిప్పకపోతే ఈమెకి ఒక ముఖం దక్కుతుంది. ఏది చెయ్యాలో తెలియక ఆమె తల పైకెత్తి చూసింది.

మొహం తుడుచుకోవడానికి కొంగు లాగడంతో పొన్నమ్మ మెడ బయటపడింది. వెలిసిన రవిక అంచు పైన, పూసల దండ. వెడల్పాటి పట్టీ. ఆకుపచ్చ మీద నీలం గళ్ళు.

పొన్నమ్మ ఆ చూపు ఎక్కడ ఆగిందో గమనించి, కొంగు గబగబా మెడచుట్టూ తిప్పుకుంది. మొహం నల్లబడింది.

"వద్దంటే వినలా," అంది మెల్లగా. "నా చెల్లెలు చేసినాది అన్నాడు. ఎవరికి చేసినావో చెప్పలా. ఇప్పుడు బయట నిలబడి మీ వదిన మాటలు విన్నాక తెలిసినాది. ఒట్టు రాజమ్మా, ఆమెదని నాకు తెలీదు."

రాజాంబాళ్‌కి అన్న మీద మొదటిసారి అసహ్యం వేసింది, వెంటనే జాలి వేసింది. చెల్లెలి చేతిపని ఒకరికివ్వమంటే ఇంకొకరికిచ్చి, ఆ చెల్లెలి దగ్గరే కూర్చుని పూసలేరాడు. ఆయన చేసిన పనికి ఇద్దరాడవాళ్ళు ఇన్నేళ్ళు ఒకరి మీద ఒకరు మనసు విరుచుకుని బతికారు. వదిన మెడవైపు తను చూసిన చూపులన్నీ ఇప్పుడు గుర్తొచ్చి ఆమెకి తలకొట్టేసినట్టయింది. ఆ దండ తీసేసి ఇక్కడ పెట్టు అని పొన్నమ్మతో అనాలనిపించింది. అనలేకపోయింది. ఆ మెడలో అది తప్ప వేరే ఏమీ లేదు.

"లేచి పోక్కా," అంది. "వెనక వాకిలి తెరిచే ఉండాది."

పొన్నమ్మ గోడ పట్టుకుని లేవబోతుండగా గుమ్మంలో లక్ష్మీదేవి కనిపించింది. చేతిలో పాయసం గిన్నె.

"ఇంకా తిప్పలేదా?" అంది. తర్వాత పొన్నమ్మని చూసింది. "నువ్వీడ ఉండావా పొన్నమ్మక్కా. నీకు విస్తరేసి ఎతుకుతా ఉండాం. ఏంది, చలేస్తాందా, మెడకి కొంగు చుట్టుకున్నావు?"

"లేదమ్మా, ఊరికే," అంది పొన్నమ్మ. ఆమె చెయ్యి కొంగు మీదనుంచి రాలేదు.

లక్ష్మీదేవి గిన్నె కిందపెట్టి రాజాంబాళ్ ఎదురుగా కూర్చుంది. ఇందాకటి కటుత్వం ఇప్పుడు మొహంలో లేదు.

"వడ్డించినంతసేపూ అదే ఆలోచిస్తా ఉండా రాజా. నువ్వు అబద్ధం చెప్పే మనిషివి కాదు. పంపించినానంటే పంపించినట్టే. ఆయన యాడనో పెట్టి మర్సిపోయుంటాడు. పాత పెట్టెలు రెండుండాయి అటక మీద, ఇంకా తెరవలేదు. ఎట్లాంటి దండ అది? ఏం రంగు? చెప్పు, ఈ పొద్దే దింపించి ఎతుకుతా. ఇప్పుడన్నా నా మెడలో వేసుకుంటా."

పుట్టింటి మనిషి అన్నట్టు వదిన తనతో మాట్లాడింది ఇన్నేళ్ళలో ఇదే మొదలు. గళ్ళ దండ, ఆకుపచ్చ మీద నీలం అని చెబితే, వదిన రేపోమాపో ఎక్కడో ఒకచోట, ఈ కొంగు జారిన క్షణంలో, దాన్ని చూస్తుంది. చెప్పకపోతే అటక మీద లేని దండ కోసం పెట్టెలన్నీ తిరగేస్తుంది. ఏం చెప్పినా ఈ ఇంట్లో ఎవరో ఒకరి మనసు విరుగుతుంది. ఒళ్ళో సగం ఊడిన పటంలో అన్న ముఖం ఆమెకేమీ సాయం చెయ్యలేదు.

"ఎర్ర పూసలది వదినా," అంది ఆ పటాన్నే చూస్తూ. "మామూలు ఎర్ర పూసలు. ఒంటి పేట."

లక్ష్మీదేవి కాసేపు రాజాంబాళ్‌నే చూసింది. ఆ తర్వాత పొన్నమ్మ వైపు తిరిగి, మెడకి చుట్టిన ఆ కొంగునీ, దాన్ని గట్టిగా పట్టుకున్న చేతినీ చూసింది. మళ్ళీ ఇటు తిరిగింది.

"మీ అన్న కూడా నీ మాదిరే," అంది నింపాదిగా. "అబద్ధం చెప్పాలంటే కిందకి చూసేవాడు. ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చినాక, పొద్దుగూకులూ రాజా కాడే ఉన్నానని చెప్పేటప్పుడు కూడా అట్లే చూసేవాడు. నేను ఏ పొద్దూ అడగలా. ఇప్పుడు అడుగుతా ఉండా."

ఆమె చెయ్యి చాచి రాజాంబాళ్ ఒళ్ళోంచి పటాన్ని తీసి పక్కన పెట్టింది.

"నా మొహం చూసి చెప్పు. ఏం రంగు?"

రాజాంబాళ్ తలెత్తి వదిన మొహంలోకి చూసింది.